బాపు ఊదని ఊపిరి

నవంబర్ 10, సోమవారం

కాదు, బాపుకి ఊపిరి లేక కాదు. ఉన్నదాన్నే ఊదలేదు. కావాలనే.

నన్నెవరూ అడగలేదు. అందుకే ఇక్కడ టైప్ చేసుకుంటున్నా. నాకు నేనే మెసేజ్ పెట్టుకోవడం... పైన నా పేరే, కింద నా మాటలే. నోటితో చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది. వేళ్లతో అయితే వస్తాయి. తప్పులుంటే ఉండనీ. ఎనిమిదిలోనే బడి మానేశా.

ఇవాళ బాపుని కాలనీ కమ్యూనిటీ హాల్‌కి తీసుకెళ్లా. హైదరాబాద్ నుంచి డాక్టర్లు వచ్చారు. బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల మీద పరిశోధనట. ముందు వ్యాన్‌లో ఎక్స్‌రే. తర్వాత ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో అట్ట గొట్టం పెట్టి ఊదమంటారు. లాప్‌టాప్‌లో గీత లేస్తుంది. ఊదించేది శ్వేత మేడం, ఒక్కొక్కరికీ గొంతు చించుకుని అరుస్తుంది — "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా, ఇంకా, ఆపొద్దు!" పెళ్లి బ్యాండ్ నయం.

బాపు గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి. కళ్లు ఎర్రబడ్డాయి. గీత మాత్రం లేవలేదు.

నేను వెనకే ఉన్నా. నిజంగా ఊపిరి వదిలితే బాపు భుజాలు కిందికి జారతాయి. రోజూ చూస్తా కదా. ఇవాళ జారలేదు.

"పెద్దాయనా, మూడుసార్లు ఒకేలా రావాలి. మీది ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. వచ్చే సోమవారం మళ్లీ రండి" — మేడం.

బయటికొచ్చాక బాపు నవ్వాడు. గెలిచినవాడి నవ్వు.


నవంబర్ 11

మొబైల్ షాపులో రోజంతా ఫోన్లకి గ్లాసులు అతికించా. అతికించేటప్పుడు ఊపిరి బిగబట్టాలి, లేకపోతే దుమ్ము పడి బుడగ వస్తుంది. ఈ ఊరి గాలిలో ఎప్పుడూ నల్ల పొడే. బిగబట్టినా పడుతుంది. ఓనర్ అన్న తిట్టాడు. ఇంకో గ్లాసు తీసుకున్నా. ఎదురు మాట నేనెప్పుడన్నాను కనుక.


నవంబర్ 12

శ్వేత మేడం నంబర్ ఉంది నా దగ్గర. రోగులతో వచ్చినవాళ్లందరికీ ఇచ్చారు. ఇవాళ ఆమెకు ఒక మెసేజ్ రాశా —

"మేడం, మా కాలనీలో ఒక పద్ధతి ఉంది. గనిలో చేసే మనిషి జబ్బుతో ఇక పనికిరాడని కంపెనీ డాక్టర్ల బోర్డు తేలిస్తే కొలువు కొడుక్కి వస్తుంది. దాన్ని అన్‌ఫిట్ అంటాం. మీ దగ్గర అది చెడ్డ మాటేమో. ఇక్కడ అన్‌ఫిట్ అయితే స్వీట్లు పంచుతారు మేడం. మా బాపు రిటైర్ అయ్యేలోపు అన్‌ఫిట్ కావాలని చూస్తున్నాడు. మీరు కూడా ఆ బోర్డు మనుషులే అనుకుంటున్నాడు. గట్టిగా ఊదితే పనికొస్తాడని రాస్తారని భయం. అందుకే ఊదలేదు."

పంపలేదు. చెరిపేశా. పంపితే బాపుని దొంగ అనుకుంటుంది.


నవంబర్ 13

మా క్వార్టర్ మూడో అంతస్తులో. షిఫ్ట్ దిగి వచ్చి బాపు మెట్లెక్కుతుంటే పైనుంచి చూశా. మలుపు మలుపుకీ ఆగుతాడు. ఒకచోట చెప్పు సరిచేసుకుంటున్నట్టు. ఒకచోట జేబులో ఏదో వెతుకుతున్నట్టు. పైకొచ్చాక అవ్వ ఎదురుగా — అమ్మని అవ్వ అనే అంటాం — దగ్గు మింగేస్తాడు.

"ఏంది, గంత ఆలిశెమైంది?"

"గా పోశంగాడు పట్టుకున్నడు ముచ్చట్లకు."

పోశం కాక అప్పుడు మా ఇంట్లోనే కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

ఇంట్లో ఉన్న జబ్బును దాస్తాడు. హాల్లో అదే జబ్బుకి వేషం వేస్తాడు. వేషం వేస్తే మిషన్ నమ్మదు. మరి అసలు జబ్బును చూసేదెవరు?


నవంబర్ 14

ఇవాళ మా వరండాలో క్లాసు జరిగింది. టీచర్ పోశం కాక. పక్క క్వార్టరే. కాక అన్‌ఫిట్ అయ్యాడు, కాక కొడుకు సురేష్ అన్న ఇప్పుడు గనిలో చేస్తున్నాడు. అందుకే కాక మాటంటే కాలనీలో అందరికీ గురి.

అంగడి నుంచి ఒక ఎర్ర బుగ్గ తెచ్చాడు, పిల్లలు ఊదే బెలూన్. ఎలా ఊదకూడదో నేర్పడానికి.

"ఇగో మల్లన్నా, ఇటు సూడు. నాలికె గిట్ల అడ్డం వెట్టు. బుగ్గలు ఉబ్బాలె, గాలి పోవద్దు. సూశెటోళ్లకు పాణం వెట్టి ఊదినట్టె కనవడాలె."

బాపు ఊదాడు. బుగ్గ కొంచెం ఉబ్బింది.

"అరె, గంత ఊదితివి గదనే! నీ కొడుకు కొలువు గా బుగ్గల వడి పాయె!"

అందరూ నవ్వారు. బాపు కూడా. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగలేదు. గోడ పట్టుకున్నాడు. ఎవరూ నవ్వట్లేదు ఇక. కాక బుగ్గను జేబులో పెట్టుకుని మెల్లగా అన్నాడు — "గీ దగ్గు సోమారం రావాలెనే అన్నా. ఇయ్యాల దండుగ."


నవంబర్ 15

మేడం నుంచి మెసేజ్. సోమవారం తప్పక రమ్మని. ధైర్యం చేసి ఒకటి అడిగా. బాపు ఎక్స్‌రే ఎలా ఉంది అని.

ఫొటో పంపింది. నల్లటి ఛాతీ. దాని నిండా తెల్ల చుక్కలు.

"ఆ తెల్లవే బొగ్గు దుమ్ము పేరుకున్న చోట్లు" అని రాసింది.

మేడం బొగ్గు నల్లగా కదా ఉంటుంది... అని రాశా.

"గాలి ఉన్నచోట ఎక్స్‌రేలో నల్లగా కనిపిస్తుంది అంజీ. గాలి లేనిచోటు తెల్లగా."

మళ్లీ మళ్లీ పెద్దది చేసి చూశా. ఎంత పెద్దది చేస్తే అంత తెలుపు.

"ఈ చుక్కలు చాలామందికి ఉంటాయి. ఎవరి ఊపిరి ఎంత పోయిందో ఊదితేనే తెలుస్తుంది. గీత సరిగ్గా వచ్చినవాళ్లనే పరిశోధనలో చేర్చుకుంటాం. హైదరాబాద్‌లో స్కాన్ చేస్తాం, కొత్త మందు ఇచ్చి చూస్తాం. మీ నాన్నని గట్టిగా ఊదమను."

సరే మేడం అని పెట్టా.


నవంబర్ 17, సోమవారం

ఇవాళ జరిగింది వరసగా టైప్ చేస్తా.

హాల్లో బాపు మొదటిసారి ఊదాడు. అదే తంతు. రెండోసారి కూడా. మేడం అరిచి అరిచి గొంతు పోయింది. "ఆగండి. మీ అబ్బాయి ఊది చూపిస్తాడు, చూసి అలాగే ఊదండి" అంది. నన్ను. అంతమంది ముందు.

ఎవరో వెనకనుంచి తోశారు. క్లిప్పు, గొట్టం. తల వంచుకుని ఊదా. గీత నిట్టనిలువుగా లేచి జారింది. లైన్లో ఉన్నవాళ్లు ఈల వేశారు.

"సూశినవా మల్లన్నా, పోరడు మాట్లాడడు గని ఊదుతడు!"

బాపు లాప్‌టాప్‌నే చూస్తున్నాడు. గీతను వేలితో తాకాడు.

మళ్లీ బాపు వంతు. గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి లోపలే బిగబట్టాడు. ముఖం నల్లబడింది. పెదాలు నీలం. దగ్గు తన్నుకొచ్చింది. కుర్చీలోంచి పక్కకి ఒరిగాడు. నేనే పట్టుకున్నా. బరువు లేడు.

వేలికి మిషన్ తగిలించారు, ముక్కుకి ఆక్సిజన్. మేడం ముఖంలో చెమట.

చాలాసేపటికి తేరుకున్నాడు. కళ్లు తెరిచి మొదట అన్న మాట — "బోర్డు సార్లు సూశిన్రా?"

మేడం నన్ను బయటికి పిలిచింది. "మీ నాన్నకి జబ్బు ఉంది. నాకు తెలుసు. వేలి మిషన్ కూడా చెబుతోంది. కానీ సరైన గీత లేకుండా చేర్చుకోలేను, చేర్చుకుంటే మా పరిశోధనే తప్పవుతుంది. వచ్చే వారం గురువారం ఆఖరి రోజు, తర్వాత మేం వెళ్లిపోతాం. అప్పటికి కోలుకుంటేనే, డాక్టర్ దగ్గర ఉండగానే ఊదిస్తా. ఆయన ఎందుకు ఊదట్లేదు? నీకు తెలుసా?"

తల అడ్డంగా ఊపా.

ఎందుకు ఊపాను...


నవంబర్ 18

ఆటోలో వచ్చేటప్పుడు బాపు అన్నాడు, నిన్న. ఇవాళంతా అదే చెవిలో.

"మంచిగ ఊదినవ్ రా. గనిల గసొంటి ఊపిరే కావాలె."


నవంబర్ 19

అవ్వకి తెలిసిపోయింది. పోశం కాక భార్య చెప్పింది, హాల్లో పడిపోయాడని, ఎందుకు పడిపోయాడో కూడా.

అవ్వ అన్నం గిన్నె నేలకేసి కొట్టింది. ఎప్పుడూ అలా చేయలేదు.

"నీ కొలువు మీద మన్నువడ! ముందుగాల మనిషుండాలె గద. సచ్చి సాధిస్తవా?"

"నేను సస్తె గూడ పోరనికి వస్తది కొలువు. నీకేం ఫికర్?"

"నాకెందుకు గా కొలువు? మా తల్లిగారూరు బోథ్‌ల మా అన్న పత్తి చేన్ల పొద్దంత వంగి పనిచేస్తడు, మూడంతస్తులెక్కినా రొప్పడు. నువ్వు కొలువోనివని గద నన్నిచ్చిన్రు. కొలువోన్ని సూడు ఇప్పుడు, మెట్ల మీద కూసుంటుండు!"

బాపు నేల మీది అన్నం గిన్నెలోకి ఎత్తాడు. తర్వాత — "క్వార్టర్ కంపెనోళ్లదే. నేను కొలువు దిగిన్నాడు దీన్ల నుంచి గూడ దిగాలె. వీడు గా ఫోన్లకు అద్దాలు అతికిచ్చుకుంట ఎన్నడు బాగుపడాలె?"

నేను వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉన్నా. ఇద్దరూ నా గురించే మాట్లాడుతున్నారు. ఒక్కరూ నా వైపు చూడలేదు.


నవంబర్ 20

అవ్వ ధర్మపురి నర్సింహస్వామికి మొక్కుకుంది. కొలువుకా, ఊపిరికా — చెప్పలేదు.


నవంబర్ 21

మేడంని మెసేజ్‌లో అడిగా. ఆ మందుతో బాపు బాగవుతాడా?

"బాగవ్వడం ఉండదు అంజీ. గట్టిపడ్డ ఊపిరితిత్తి మళ్లీ మెత్తబడదు. ఇంకా గట్టిపడకుండా ఈ మందు ఆపుతుందా అని చూస్తున్నాం."

ఆపుతుందా?

"తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తాం?"

ఇంకోటి కూడా చెప్పింది. చేరినవాళ్లలో సగం మందికే ఆ మందట. మిగతా సగానికి అలాగే కనిపించే ఉత్త గోళీ. ఎవరికి ఏది వచ్చిందో మేడంకి కూడా తెలియదట. అలా అయితేనే నిజం బయటపడుతుందట. అయితే ఏ గోళీ వచ్చినా నెలనెలా చూస్తారు, ఊపిరి వ్యాయామం నేర్పుతారు, జబ్బు ఎక్కువైతే ఆస్పత్రిలో చేర్చుకుంటారు.

కంపెనీకి చెబుతారా మేడం?

"ఎవరికీ చెప్పం. మీ కంపెనీ బోర్డుకీ మాకూ సంబంధం లేదు."

ఆ ముక్క బాపుకి చూపించా. కూడబలుక్కుని చదివాడు. ఫోన్ తిరిగిచ్చాడు.

"గొట్టం ఎవ్వలిదైతేంది రా. మల్ల ఊరంత ఎరుకైతది, మల్లయ్య ఊపిరి మంచిగున్నదని."

మంచిగా లేదు బాపు. ఛాతీ నిండా తెలుపే ఉంది. ఇది నోటితో అనలేదు.


నవంబర్ 22, శనివారం

పొద్దున ఒక పని చేశా. చేయకుండా ఉండాల్సింది.

మాట రాదు కదా. మెసేజ్ వస్తుంది కదా. షాపులో కూర్చుని బాపుకే పంపా. "బాపు, నాకు గని వద్దు. నాకు చీకటంటే భయం. నువ్వు నిజంగా ఊదు. కొలువు పోతే పోనీ."

అందులో ప్రతి ముక్కా నిజమే. చిన్నప్పుడు కంపెనీ రక్షణ వారోత్సవాలకి మైదానంలో ఉత్తుత్తి గని కట్టారు, పిల్లలు చూడటానికి. రేకులు, నల్ల గుడ్డ, అంతే. లోపలికి వెళ్లి లైటు ఆర్పేసి "ఇదే రా మా ఆఫీసు" అన్నాడు బాపు. గుడ్డ చింపుకుని బయటికి పరిగెత్తా. ఆ గుడ్డ గనినే భరించలేకపోయా.

బాపు అప్పుడు చాయ్ హోటల్లో ఉన్నాడు. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాడు. ఫోన్ మోగింది, నా పేరు కనిపించింది. ఏదో అవసరం పడిందేమోనని కంగారుగా పోశం కాకకి ఇచ్చాడు — "జర సదువు, పోరడు ఏమన్నడో."

కాక చదివాడు. గట్టిగానే. కాకకి వేరే రకంగా చదవడం రాదు.

ఇదంతా సాయంత్రం షాపుకొచ్చిన సురేష్ అన్న చెప్పాడు. హోటల్లో అంతా బాపు వైపు తిరిగారట. తర్వాత ఎవరో అన్నారట, "కొలువద్దన్న మొగోన్ని గిప్పుడే సూస్తున్న." ఇంకొకరు — "నాకియ్యమను, మా పోరడు ఖాళీగనె ఉన్నడు."

బాపు ఫోన్ తీసుకుని, చాయ్ తాగకుండానే లేచిపోయాడట.

సురేష్ అన్న ఇంకా నిలబడే ఉన్నాడు. గ్లాసు మార్చడానికి రాలేదని అర్థమైంది. "నాక్గూడ భయమే ఉండె అంజిగా. ఇప్పుడు గూడ ఉంటది. మా బాపుకు ఎన్నడు చెప్పలే" అన్నాడు. దగ్గి, రుమాలుతో నోరు తుడుచుకుని వెళ్లిపోయాడు.


నవంబర్ 23

బాపు మాట్లాడటం లేదు.


నవంబర్ 24

మాట్లాడటం లేదు. నేనెక్కే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కకి జరిగి దారి ఇచ్చాడు, పరాయివాడికి ఇచ్చినట్టు. ఈసారి చెప్పు సరిచేసుకోలేదు. రొప్పుతున్నది దాచలేదు. అదే ఎక్కువ భయం వేసింది.


నవంబర్ 25

పోశం కాక వచ్చాడు. నా ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి జోకులు లేవు.

"గట్టిగ సదివిన గదా, తప్పయింది బిడ్డా. గని ఒక్కటి ఇను. మీ బాపు ఇరవయ్యేండ్లకు గనిల దిగిండు. ఇగ ఊపిరొక్కటే ఉన్నది నీకియ్యనీకె. అద్గూడ వద్దంటివి."

కాకకి ఏం చెప్పాలి? ఆ ఊపిరి బాపు దగ్గరే ఉండాలని కదా అన్నది.

నేల చూస్తూ కూర్చున్నా. కాక లేచి నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లాడు.


నవంబర్ 26

రేపే ఆఖరి రోజు. అవ్వ రెండుసార్లు నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెప్తె ఇంటడు రా. నోరు తెరువు బిడ్డా. ఒక్కసారి."

తెరిచా అవ్వా. హోటల్ మొత్తం విన్నది.

రేపు వస్తాడో రాడో కూడా చెప్పలేదు బాపు. మేడం మెసేజ్ పెట్టింది — "మీ నాన్న వస్తున్నారా?" చూసి కూడా జవాబు ఇవ్వలేదు.


నవంబర్ 27, గురువారం

హాల్ బయట బెంచీ మీద ఉన్నా. బాపు పక్కనే. ఇక్కడే టైప్ చేస్తున్నా, మేడంకి మెసేజ్ చేస్తున్నా అనుకుంటున్నాడు.

పొద్దున తనే లేచి, తెల్ల చొక్కా వేసుకుని, "నడువ్" అన్నాడు. ఇన్ని రోజులకు మొదటి మాట. ఇక్కడ కూర్చున్నాక, లోపల మేడం ఎవరినో "ఇంకా, ఇంకా" అని అరుస్తుంటే, అటే చూస్తూ అడిగాడు.

"నిజం జెప్పు రా. నన్ను ఊదుమన్నది నాకోసమా? నీకు గని తప్పుతదనా?"

ఫోన్‌లోకి తల వంచా.

"నాకోసమైతె ఊద. నాకిప్పుడు ఊపిరితోటి ఏం పని. ఉన్నన్ని దినాలు ఉంట, పోత. నీకోసమైతె ఊదుత. నీకు అంత భయమైతె, నా తోటి జెప్పు. గా ఫోన్ల కాదు. నోటితోటి జెప్పు. ఇప్పుడే లోపటికి వోయి పాణమంత వెట్టి ఊదుత. కొలువు ఏమన్న కానీ."

అలా అని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తొందర పెట్టట్లేదు. రొప్పుతున్నాడు.

నీకోసమే బాపు అంటే ఊదడు. గీత రాదు. సాయంత్రానికి వ్యాన్ వెళ్లిపోతుంది.

నాకే భయం బాపు అంటే ఊదుతాడు. కానీ నా పిరికితనం కోసం కొలువు వదిలేశాననే బతికినన్నాళ్లూ అనుకుంటాడు. అవ్వ, కాక, కాలనీ అంతా అదే అంటుంది. ఊదినాక వచ్చేది మందో, ఉత్త గోళీనో మేడంకే తెలియదు. క్వార్టర్ ఉంటుందో పోతుందో నాకు తెలియదు.

ఇంకా ఒకటి ఉంది. అది టైప్ చేయడానికి కూడా వేళ్లు రావట్లేదు. భయం అబద్ధమేం కాదు. బాపు పెదాలు నీలం అవ్వకముందు నుంచీ ఉంది. బాపుకి జబ్బు లేకపోయినా నేను గని వద్దనే వాణ్ణి. మరి శనివారం రాసిన మెసేజ్‌లో బాపు ఎంత, నేను ఎంత? ఎంత వెతికినా విడదీయలేకపోతున్నా.

"మల్లయ్య గారూ" — మేడం గొంతు. బొంగురుపోయింది.

బాపు లేచాడు. గోడ పట్టుకున్నాడు. లోపలికి వెళ్లట్లేదు. తిరిగి నా ముఖంలోకే చూస్తున్నాడు, నోరు ఎప్పుడు కదులుతుందా అని.

నువ్వైతే ఏం చెబుతావు?